ఈ మాట ఎవరిది, ఎవరితో అన్నది? ఇటలీ సామెతల లోపలి లోకం

డిసెంబర్ 13న ఇటలీలో సాంతా లుచీయా పండుగ. ఆ పుణ్యవతి పేరులోనే వెలుగు ఉంది. లాటిన్‌లో వెలుగును 'లుక్స్' అంటారు. సిసిలీ దీవిలోని సిరాకూజా ఆమె ఊరు. ఆ రోజు అక్కడ ఆమె వెండి విగ్రహాన్ని ఊరేగిస్తారు. అదే దీవిలోని పాలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టరు; ఉడికించిన గోధుమలతో చేసే 'కుచ్చీయా' తింటారు. కరవు రోజుల్లో ధాన్యపు ఓడ రేవుకు చేరితే, పిండి పట్టించే ఓపిక కూడా లేక జనం గోధుమలను అలాగే ఉడకబెట్టుకుని తిన్నారని దాని వెనక ఒక కథ చెబుతారు. ఈ పండుగ మీద ఇటలీ అంతటా వినిపించే సామెత ఒకటి ఉంది: "సాంతా లుచీయా, ఇల్ జోర్నో ప్యూ కోర్తో కె చి సీయా". ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు సాంతా లుచీయా నాటిదే అని అర్థం.

ఈ లెక్క తప్పు. ఉత్తరార్ధగోళంలో అతి చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22న వస్తుంది. బడిపిల్లలకు తెలిసిన ఈ సంగతి, ఆకాశాన్ని చూసుకుంటూ బతికిన రైతులకు తెలియలేదా? తెలుసు. వాళ్ల కాలానికి ఆ సామెత అక్షరాలా నిజం. జూలియస్ సీజర్ పెట్టిన పంచాంగంలో ఏడాది, అసలు సౌర సంవత్సరం కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే దాదాపు 128 ఏళ్లకు ఒక రోజు చొప్పున పేరుకుపోయి, 14వ శతాబ్దం నాటికి అయనాంతం, అంటే అతి చిన్న పగలు వచ్చే రోజు, డిసెంబర్ 13 దగ్గరికి జరిగింది. 1582లో పోప్ 13వ గ్రెగరీ పంచాంగాన్ని సరిదిద్దినప్పుడు అక్టోబర్ 4 మరునాటిని అక్టోబర్ 15గా లెక్కించారు. నడుమ పది రోజులు మాయమయ్యాయి. పండుగ తన తేదీని వదల్లేదు, చిన్న పగలు మాత్రం వేరే తేదీకి వెళ్లిపోయింది, సామెత ఉన్నచోటే ఉండిపోయింది. తెలుగువారికి ఇది మరీ కొత్త అనుభవం కాదు. సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటూనే జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటారు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది అంతకు మూడు వారాల ముందే. అక్కడ ఏడాది పొడవును కొలవడంలో వచ్చిన తేడా, ఇక్కడ నక్షత్రాలను బట్టి లెక్క కట్టడం వల్ల వచ్చిన తేడా. రెండు చోట్లా జనం నోటి మాట మాత్రం గతించిన ఆకాశాన్ని భద్రంగా పట్టుకుని ఉంది.

సామెతలు ఏ కాలానికైనా, ఏ దేశానికైనా చెల్లే జ్ఞానమని అనుకోవడం అలవాటు. ఇటలీ సామెతల్ని దగ్గరగా చూస్తే ఆ అలవాటు సడలుతుంది. ప్రతి సామెతకూ ఒక ఊరుంది, ఒక పని ఉంది, ఒక ఆకలో భయమో ఉంది. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్ల చేతిలో ఏముంది అని అడిగిన కొద్దీ ఆ చిన్న వాక్యం విచ్చుకుంటుంది. అడగకుండా గోడ మీద రాసుకుంటే అది ఉత్త నీతివాక్యంగా మిగిలిపోతుంది.

పొలం సామెతల్లో ఈ సంగతి తేటగా కనబడుతుంది. "సొత్తో లా నేవె పానె, సొత్తో లా ప్యొజ్జా ఫామె" అంటారు. మంచు కింద రొట్టె, వాన కింద ఆకలి. ఎండలు మండే నేల మీద పుట్టినవారికి మంచు అనగానే పంట మాడిపోవడం గుర్తుకొస్తుంది కాబట్టి ఈ మాట తలకిందులుగా తోస్తుంది. ఇటలీ రైతు గోధుమలను శరదృతువులో విత్తుతాడు. చలికాలం నాటికి మొలకలు నేలను అంటిపెట్టుకుని చిన్నవిగా ఉంటాయి. వాటి మీద కురిసిన మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది. అది దుప్పటిలా పనిచేసి, పైన గడ్డకట్టించే చలిగాలి వీస్తున్నా మొలక వేళ్లను కాపాడుతుంది. వసంతంలో మంచు మెల్లగా కరిగి, నేల తాగగలిగినంత నీటినే ఇస్తుంది. అదే చలికాలమంతా వానలు పడితే పొలంలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, నేలలోని సత్తువ కొట్టుకుపోతుంది. వ్యవసాయ శాస్త్రం ఒక పుటలో చెప్పేదాన్ని చదువురాని రైతు ఒక్క చిన్న వాక్యంలో ఇమిడ్చి కొడుక్కి అప్పగించాడు. పాఠ్యపుస్తకం అందుబాటులో లేని మనిషికి ఇంతకంటే మంచి పుస్తకం ఏముంటుంది?

"రొస్సో ది సేర, బెల్ తెంపో సి స్పేర" అన్నది మరొకటి. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే రేపు వాతావరణం బాగుంటుందని ఆశించవచ్చు. ఆ ప్రాంతపు అక్షాంశాల్లో మబ్బులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు కదులుతాయి. పొద్దుగూకే వేళ పడమర ఎర్రగా కనిపించిందంటే అటువైపు గాలి పొడిగా, తేటగా ఉందన్నమాట. రేపు ఇటు రాబోయేది ఆ గాలే. అదే సామెతను బంగాళాఖాతం ఒడ్డుకు తెచ్చి నమ్ముకుంటే మోసం తప్పదు, ఎందుకంటే కోస్తా ఆంధ్రకు తుఫానులు తూర్పు సముద్రం మీదుగా వస్తాయి. సామెతకు ఊరు ఉంటుందన్న మాట ఇక్కడ ఊహ కాదు, భూగోళం. ఇందులోని క్రియను కూడా గమనించాలి. 'వస్తుంది' అనలేదు, 'ఆశిస్తారు' అన్నారు. ఆకాశం మీద ఆధారపడి బతికినవాడు దాని తరఫున హామీ ఇవ్వడు.

తెలుగు రైతు కార్తెలను బట్టి కాలం లెక్కపెట్టుకుంటాడు. రోహిణిలో రోళ్లు పగులుతాయి అంటాడు. ఇటలీ రైతుకు ఆ పని పునీతుల పండుగలు చేసి పెట్టాయి. నవంబర్ 11న సాన్ మార్తీనో. ఆ రోజుకు ప్రతి ద్రాక్షరసమూ మద్యమవుతుందని ఒక సామెత. ఆ రోజుల్లో చలి కాస్త సడలి వచ్చే వెచ్చదనం మూడు రోజుల చిల్లర ఉంటుందని ఇంకొకటి. చలికి వణుకుతున్న బిచ్చగాడికి మార్తీనో తన పైవస్త్రాన్ని చీల్చి సగం ఇచ్చాడని, అందుకే ఆకాశం మెత్తబడిందని కథ. కథ అందమైనదే. ఆ తేదీ వెనక నిష్ఠురమైన నిజం కూడా ఉంది. ఉత్తర ఇటలీ మైదానాల్లో సేద్యపు ఒప్పందాల గడువు సరిగ్గా ఆ రోజే ముగిసేది. భూస్వామి ఒప్పందాన్ని కొనసాగించకపోతే కుటుంబం మొత్తం మంచాలు, కుండలు, కోళ్లు బండికెక్కించుకుని, నవంబర్ చలిలో కొత్త పొలం వెతుక్కుంటూ బయలుదేరాలి. అందువల్లే 'సాన్ మార్తీనో చేయడం' అనే నుడికారానికి అక్కడ ఇల్లు ఖాళీ చేసి పోవడమని అర్థం. కొత్త మద్యం రుచి, వీధిన పడ్డ బండి చప్పుడు ఒకే పండుగ పేరులో కలిసి ఉన్నాయి.

ఇక అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసే సామెత దగ్గరికి రావాలి. "అల్ కొంతదీనో నోన్ ఫార్ సపేరె, క్వాంతో ఎ బ్వోనో ఇల్ ఫొర్మాజ్జో కోన్ లె పేరె." చీజ్‌ను బేరిపండ్లతో కలిపి తింటే ఎంత బాగుంటుందో రైతుకు తెలియనివ్వకు. మొదటిసారి విన్నవారికి సరదాగా అనిపిస్తుంది. రెండో క్షణంలోనే అనుమానం మొదలవుతుంది. పాలు పితికి చీజ్ చేసేవాడు రైతు. బేరి చెట్టు పెంచి, కాయ కోసి, గంపకెత్తేవాడూ రైతే. రెండూ అతని చేతుల మీదుగానే పోతుంటే, అవి కలిస్తే వచ్చే రుచి అతనికే తెలియకుండా ఎలా దాచడం? అసలు ఎందుకు దాచడం?

జవాబు మధ్యయుగపు భోజనబల్లల దగ్గర దొరుకుతుంది. చీజ్ ఆ కాలంలో గొర్రెల కాపరుల, కూలీల తిండి. వైద్యులు దాన్ని అరగని బరువు పదార్థమని అనుమానించేవారు. బేరిపండు దానికి పూర్తిగా ఎదురు. సున్నితమైనది, తొందరగా పాడైపోయేది, నిలవ ఉండనిది. కడుపు నింపుకోవడం కోసం తినేవాడు దాని జోలికి పోడు. దొరల ఇళ్లలో అది కానుకగా ఇచ్చిపుచ్చుకునే పండు. పేదవాడి చీజ్ దొరల పళ్లెంలోకి రావాలంటే దానికి గౌరవం కావాలి, ఆ గౌరవాన్ని బేరిపండు పక్కన చేరి ఇచ్చింది. భోజనం చివర ఈ రెండూ కలిపి తినడం నాగరికుల అభిరుచిగా స్థిరపడింది. అలా స్థిరపడ్డాక ఒక చిక్కు వచ్చింది. రుచి అనేది నేర్చుకుంటే వచ్చేదైతే, రైతు కూడా నేర్చుకోగలడు. అతనికీ ఆ నాలుక ఉంటే దొరకూ అతనికీ ఉన్న తేడా ఎక్కడ? అందుకే 'తెలియనివ్వకు'. ఇటాలియన్‌లో 'సపేరె' అంటే తెలియడం, 'పేరె' అంటే బేరిపండ్లు. ప్రాస రెండు మాటల్నీ కట్టి పడేసింది: తెలివీ పండూ రెండూ రైతుకు అందకూడదని.

ఇందులో లెక్కల కోణం కూడా ఉంది. తోస్కానా, ఉంబ్రియా, మార్కె వంటి నడిమి ప్రాంతాల్లో శతాబ్దాల పాటు 'మెద్జద్రీయా' అనే సగపాలు సేద్యం నడిచింది. భూమి, ఇల్లు యజమానివి. చాకిరీ రైతు కుటుంబానిది. పంటలో సగం యజమాని గాదెకు పోతుంది. రైతుకు రుచి తెలిసిందంటే యజమాని వాటాకు రావలసిన పండ్లలో కొన్ని దారిలోనే తగ్గిపోతాయన్న భయం ఈ సామెతలో వినబడుతుంది. 1964లో ఇటలీ పార్లమెంటు అటువంటి కొత్త ఒప్పందాలను చట్టంతో నిషేధించింది. అంటే ఈ సామెత వెనక ఉన్న వ్యవస్థ ఇప్పటి ముసలివాళ్ల కళ్లముందే పోయింది.

సామెతలన్నీ పామర జనం నోట పుట్టినవేనని అనుకునేవారికి ఇది గట్టి హెచ్చరిక. ఇది యజమాని నోటి మాట. యజమానులు యజమానులతో, రైతు వినకుండా చెప్పుకోవలసిన మాట. కానీ రైతు విన్నాడు. విని ఊరుకోలేదు, దానికి తోక తగిలించాడు: రైతు తెలివితక్కువవాడేమీ కాడు, యజమాని కంటే ముందే అతనికి తెలుసు. ఈ జవాబు కూడా ప్రాసతోనే ఉంది, అసలు మాటలో అంత సభ్యమైన పదాలూ లేవు. సామెతను సామెతతో ఎదుర్కోవడం, అదే ప్రాసలో అదే లయలో యజమాని మాటను వెనక్కి కొట్టడం జానపద మేధస్సులోని గొప్ప ఘట్టాల్లో ఒకటి. వందల నీతివాక్యాల సంకలనం కంటే ఈ రెండు వాక్యాల జంట ఇటలీ గ్రామాల చరిత్రను ఎక్కువగా చెబుతుంది.

'ఇటాలియన్ సామెత' అన్న మాటనే కాస్త జాగ్రత్తగా వాడాలి. 1861లో ఇటలీ ఒకే రాజ్యమైనప్పుడు జనాభాలో అత్యధికులకు చదవడం, రాయడం రాదు. ఆనాడు ఇటాలియన్ మాట్లాడగలిగినవారు నూటికి 2.5 మంది మాత్రమేనని భాషావేత్త తుల్లియో దె మావ్రో అంచనా కట్టారు. అర్రీగో కాస్తెల్లానీ ఆ తర్వాత దాన్ని సుమారు 10 శాతానికి పెంచారు. ఏ లెక్క తీసుకున్నా, తక్కినవారంతా సిసిలియన్, నెపోలితానో, వేనెతో వంటి తమ తమ భాషల్లో బతికినవారే. సామెతలు పుట్టింది ఆ భాషల్లో. నేపుల్స్‌లో "ఓన్యి స్కర్రఫోనె ఎ బెల్లో అ మమ్మ సోయ" అంటారు. బొద్దింక అయినా దాని తల్లికి అందమే. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న తెలుగు మాట వెంటనే గుర్తుకు రాకమానదు. రేవు పట్టణపు ఇరుకు ఇళ్లలో బొద్దింక, పల్లె చెట్టు మీద కాకి. ప్రేమ ఒకటే అయినా, కళ్లెదుట ఏ ప్రాణి తిరిగితే దాన్నే ఉపమానం చేసుకున్నారు.

ఈ సంపదను కాగితం మీదికి ఎక్కించినవారికి రుణపడి ఉండాలి. తోస్కానా కవి జుసెప్పె జుస్తీ కూర్చిన సామెతలు ఆయన పోయిన మూడేళ్లకు, 1853లో అచ్చయ్యాయి. పాలెర్మోలో వైద్యుడైన జుసెప్పె పిత్రే రోగుల ఇళ్లకు తిరుగుతూ, నావికుల నుంచి, ముసలమ్మల నుంచి విన్నవన్నీ రాసుకుని 1880లో సిసిలీ సామెతలను నాలుగు సంపుటాలుగా వెలువరించారు. ఈ రెండు తేదీల నడుమ, 1868లో, మద్రాసులో కెప్టెన్ కార్ తెలుగు సామెతల సంకలనం అచ్చు వేయించాడన్నది గుర్తు పెట్టుకోదగ్గ సంగతి. ఆ శతాబ్దానికి ఎక్కడైనా అదే ఆత్రం: నోటి మాట పోకముందే పట్టుకోవాలని. పిత్రే కృషిలో ప్రత్యేకత ఏమిటంటే, ఆయన సామెతలను తోస్కానా ఇటాలియన్‌లోకి మార్చి నునుపు చేయలేదు. సిసిలియన్ పలుకుబడితోనే ఉంచి, ఇతర ప్రాంతాల సామెతలతో పోల్చి చూపారు.

పలుకుబడిని మార్చితే ఏం పోతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని పొగడటం పాత మాటే. పొగడ్త సంగతి ఎలా ఉన్నా, మాటలు అచ్చులతో ముగియడం రెండు భాషలకూ ఉన్న గుణం. దానివల్ల అంత్యప్రాస కోసం వెతుక్కోవలసిన పని లేదు. "కి వా ప్యానో, వా సానో ఎ వా లొంతానో": మెల్లగా నడిచేవాడు క్షేమంగా నడుస్తాడు, దూరమూ పోతాడు. మూడు 'ఆనో'లు మూడు అడుగుల్లా పడతాయి, చెప్పే నాలుక కూడా తొందరపడలేదు. "త్ర ఇల్ దీరె ఎ ఇల్ ఫారె చె ది మెద్జో ఇల్ మారె": చెప్పడానికీ చేయడానికీ నడుమ సముద్రముంది. ఫారె అంటే చేయడం, మారె అంటే సముద్రం. పడవ వేసుకుని బయలుదేరితే తిరిగి వస్తామో లేదో తెలియని తీరప్రాంతాల్లో ఆ దూరానికి సముద్రం కంటే సరైన కొలత లేదు. అనువాదకుడు ద్రోహి అని అర్థమిచ్చే "త్రదుత్తోరె, త్రదితోరె" అన్న పలుకు తనను తానే నిరూపించుకుంటుంది. ఏ భాషలోకి తెచ్చినా అర్థం వస్తుంది, ఆ కొద్దిపాటి అక్షరాల తేడాలోని చమత్కారం పోతుంది.

కొన్ని సామెతల వేళ్లు ఇటాలియన్ పుట్టకముందు కాలంలోకి దిగి ఉన్నాయి. తోడేలు వెంట్రుకలు రాల్చుకుంటుంది గాని దుర్గుణాన్ని వదలదు అని నేడు ఇటలీ అంతా అంటుంది. రోమన్ చరిత్రకారుడు స్వెతోనియస్ రాసిన వెస్పాసియన్ చక్రవర్తి జీవితంలో ఇదే మాట ఉంది, అక్కడ తోడేలుకు బదులు నక్క. వెస్పాసియన్ డబ్బు దగ్గర మహా గట్టివాడు. చక్రవర్తి అయ్యాక, తనకు ఉచితంగా విముక్తి ప్రసాదించమని ఒక ముసలి పశువుల కాపరి వేడుకున్నాడు. చక్రవర్తి ఒప్పుకోలేదు, డబ్బు కట్టమన్నాడు. అప్పుడా ముసలివాడు, నక్క బొచ్చు మార్చుకుంటుంది కాని బుద్ధి మార్చుకోదు అని అరిచాడట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు అన్న తెలుగు మాట ఇంచుమించు ఇదే అర్థం ఇస్తుంది, కానీ స్వెతోనియస్ కథనంలో అది సింహాసనం ముందు నిలబడ్డ బానిస నోట వచ్చిన మాట. ఎవరు ఎవరితో అన్నారో తెలిసినప్పుడు సామెత బరువు ఎలా మారుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. దానంగా వచ్చిన గుర్రం నోరు తెరిచి చూడకూడదన్నదీ పాతదే. గుర్రం వయసు దాని పళ్లలో తెలుస్తుంది. కొనేవాడు చూడాలి గాని పుచ్చుకునేవాడు చూడకూడదని మర్యాద. 4వ శతాబ్దం చివర సెయింట్ జెరోమ్ ఈ మాట రాస్తూ, జనం అనుకునే సామెతగానే దాన్ని పేర్కొన్నాడు.

వంటింటి సామెతలు అంత లోతుకు తీసుకుపోవు, కానీ మనసుకు దగ్గరగా ఉంటాయి. 'చంబెల్ల' అనే గుండ్రటి తీపి పిండివంటకు మధ్యలో చిల్లు ఉండాలి. అన్ని చంబెల్లలకూ చిల్లు కుదరదు అంటారు. గారెలు వత్తిన చేతులకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. దయ్యం కుండలు చేస్తుంది గాని మూతలు చేయదు అంటే, తప్పు చేయడం నేర్పుతుంది గాని దాచడం నేర్పదని. చుట్టం చేపలాంటివాడు, మూడో రోజుకు వాసన వేస్తాడు అన్నదాని వెనక ప్రాచీన రోమన్ నాటకకర్త ప్లౌతుస్ నాటకంలోని మూడు రోజుల అతిథి ఉన్నాడు. పండుగ అయిపోయాక పునీతుణ్ని మోసం చేసినట్టే అన్న సామెత మన ఓడ మల్లన్న, బోడి మల్లన్నకు తోబుట్టువు. శుక్రవారం, మంగళవారం పెళ్లాడకూడదు, ప్రయాణం కట్టకూడదు అనే మాట కూడా ఇటలీలో ఉంది. మంగళవారం 'మార్తెదీ', అంటే యుద్ధదేవుడైన మార్స్ రోజు. తెలుగువారి మంగళుడూ అదే గ్రహం. ఈ పోలిక కాకతాళీయం కాదు. గ్రహాల పేర్లతో నడిచే ఏడు రోజుల వారం గ్రీకు, రోమన్ ప్రపంచపు జ్యోతిషంతో పాటే భారతదేశానికి చేరింది.

అందరికీ తెలిసిన మరో సంగతి, సామెతలు ఒకదానికొకటి ఎదురు చెబుతాయి. ఇటలీలో ఈ ఎదురు ఒక చోట లక్షలాది జీవితాలను తాకింది. పాత దారి వదిలి కొత్త దారి పట్టినవాడికి వదిలిందేమిటో తెలుసు, దొరకబోయేదేమిటో తెలియదు అని ఒక సామెత. దానికి సరిగ్గా ఎదురుగా సిసిలీవాళ్లు "కు నేషి, అర్రినేషి" అంటారు. బయటికి వెళ్లినవాడే బాగుపడతాడు. 1876 నుంచి 1915 వరకు దాదాపు 1 కోటి 40 లక్షల మంది ఇటలీ విడిచి వలసపోయారు. అమెరికాలకు పోయే ఓడ ఎక్కాలా వద్దా అని రాత్రి దీపం దగ్గర కూర్చున్న కుటుంబంలో తండ్రి మొదటి సామెత, కొడుకు రెండో సామెత అని ఉంటారని ఊహించడం కష్టం కాదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఊరు విడిచి దేశాలు దాటిన పిల్లలున్న తెలుగు ఇళ్లలోనూ ఆ రెండు గొంతులు వినబడుతూనే ఉన్నాయి.

జొవాన్ని వెర్గా 1881లో వెలువరించిన 'ఇ మలవోల్య' నవల ఈ సందిగ్ధాన్ని పట్టుకున్నంత గట్టిగా మరే రచనా పట్టుకోలేదు. పిత్రే సేకరించిన సామెతలు వెర్గాకు ముడిసరుకు. కతానియా దగ్గరి ఆచి త్రెద్జా అనే జాలరి పల్లెలో ముసలి న్తోనికి ప్రతి సందర్భానికీ ఒక సామెత ఉంటుంది. తెడ్డు వేయాలంటే అయిదు వేళ్లూ ఒకదానికొకటి సాయపడాలి అంటాడు. పెద్దల మాట ఎన్నడూ అబద్ధం కాదంటాడు. అంత తెలిసినవాడే అప్పు మీద లుపిన్ అనే పప్పుజాతి గింజల సరుకు కొని పడవలో పంపుతాడు. తుఫానులో పడవ మునుగుతుంది, కొడుకు పోతాడు, అప్పు ఇంటిని మింగుతుంది. ఒక మనవడు కొత్త రాజ్యపు నౌకాదళంలో 1866 నాటి లిస్సా యుద్ధంలో చనిపోతాడు. ముసలివాడి సామెతల్లో గాలివాన గురించి ఉంది, చేపల గురించి ఉంది, ఇంటి కట్టుబాటు గురించి ఉంది. నిర్బంధ సైనిక సేవ గురించి, వడ్డీ కాగితాల గురించి, తాను ఎన్నడూ చూడని సముద్రంలో జరిగే యుద్ధం గురించి లేదు. వెర్గా ఆ ముసలివాణ్ని ఎక్కడా వెటకారం చేయడు. ఒక లోకానికి సరిపడా తెలివి మరో లోకం వచ్చి పడ్డాక ఎలా నిస్సహాయమవుతుందో కళ్లారా చూపిస్తాడు.

నిస్సహాయమైన సామెతల మీద జాలి కలుగుతుంది. కొన్నిటి మీద జాలి పడకూడదు. ఆడది అంటేనే కీడు అని, 'దొన్న', 'దాన్నో' అనే మాటల పోలికను చూసి కట్టిన సామెత ఒకటుంది. ప్రాస ఎంత బాగా కుదిరినా అది అన్యాయమే. భార్యాభర్తల నడుమ వేలు పెట్టకు అన్నది చిన్న తగవుల విషయంలో మంచి సలహా, దెబ్బలు తినే ఇంటి గోడ పక్కన నిలబడ్డవాడికి పిరికితనానికి సాకు. వీటన్నిటినీ మించి సిసిలీలో ఒకటి ఉంది: "కు ఎ సుర్దు, ఓర్బు ఎ తాచి, కాంప చెంత్ అన్ని 'న్ పాచి". చెవిటిగా, గుడ్డిగా, నోరు మెదపకుండా ఉండేవాడు వందేళ్లు ప్రశాంతంగా బతుకుతాడు. ఎవరి రాజ్యమూ తమది కాని పేదలకు ఒకనాడు ఇది ప్రాణరక్షణ సూత్రమే అయి ఉండవచ్చు. మాఫియా చేతికి చిక్కాక అదే మాట ఆజ్ఞ అయింది. చూసినవాడు చూడలేదనాలి, విన్నవాడు వినలేదనాలి.

పాలెర్మో దగ్గరి చినిజి పట్టణంలో పెప్పీనో ఇంపస్తాతో ఈ సామెతను పాటించలేదు. తండ్రికి మాఫియాతో సంబంధాలున్న ఇల్లది. అతడు ఆ తండ్రిని ఎదిరించాడు. 1977లో మిత్రులతో కలిసి రేడియో ఔత్ అనే చిన్న కేంద్రం నడుపుతూ, ఊరిని శాసించే మాఫియా నాయకుడు గయెతానో బదలమెంతిని పేరు మార్చి గాలిలో నవ్వులపాలు చేశాడు. 1978 మే 9న అతణ్ని చంపి, శరీరాన్ని రైలు పట్టాల మీద పేల్చేశారు. బాంబు పెట్టబోయి చచ్చాడని నమ్మించాలని చూశారు. అదే రోజు రోమ్‌లో మాజీ ప్రధాని ఆల్దో మోరో శవం దొరకడంతో దేశం దృష్టి అంతా అటు మళ్లింది.

పెప్పీనో తల్లి ఫెలీచా ఆ సామెత మధ్యే పుట్టి పెరిగిన స్త్రీ. భర్త మాఫియా బంధువు, చుట్టూ మౌనంగా ఉండటమే తెలిసిన సమాజం. ఆమె మాట్లాడారు. కొడుకు ఉగ్రవాది కాడని, అతణ్ని చంపించింది బదలమెంతి అని ఇరవై ఏళ్లకు పైగా చెబుతూనే వచ్చారు; వయసు మళ్లాక న్యాయస్థానంలోనూ అదే చెప్పారు. 2002లో బదలమెంతికి యావజ్జీవ శిక్ష పడింది. రెండేళ్ల తర్వాత, 2004లో, ఫెలీచా కన్నుమూశారు. కొడుకు గురించి అడగడానికి వచ్చే పిల్లల కోసం ఆమె తలుపు తెరిచి ఉంచేవారు. ఆ ఇల్లు ఇప్పుడు తల్లీకొడుకుల పేరు మీద స్మారకమైంది. బదలమెంతి ఇంటికి అక్కడి నుంచి వంద అడుగులు వేస్తే చాలంటారు. బడిపిల్లలు గుంపులుగా వచ్చి గదుల్లో తిరుగుతారు, బయటికొచ్చి ఆ అడుగులు లెక్కపెట్టుకుంటూ వీధి వెంట నడుస్తారు.